మబ్బుల నడుమ పరీక్ష

మేఘాలు క్రమ్ముకొని నేల కనిపించని వేళ విమానం రన్‌వేపై ఏ విధంగా దిగగలుగుతున్నది? విమానం ఎక్కినవారికీ, ఎక్కనివారికీ కలిగే సందేహమిది.

మబ్బులో చిక్కిన పైలట్‌కు తన ఇంద్రియాలే శత్రువులవుతాయి. విమానం ఒక ప్రక్కకు ఒరిగి తిరుగుతున్నా, కొంతసేపటికి అది సమంగానే పోతున్నట్లు లోపలి చెవి నమ్మిస్తుంది. కనుక అతడు తన అనుభూతిని ప్రక్కకు పెట్టి, ఎదుట ఉన్న పరికరాలను విశ్వసించడం నేర్చుకోవాలి. 1929 సెప్టెంబరు 24న అమెరికాలోని మిచెల్ ఫీల్డ్‌లో జేమ్స్ డూలిటిల్ కప్పివేసిన కాక్‌పిట్‌లో కూర్చుని, బయటికి చూడకుండానే విమానాన్ని పైకి లేపి, తిరిగి నేలకు దించి, ఇది సాధ్యమని నిరూపించాడు.

పరికరాల ఆధారంతో రన్‌వేను సమీపించే పద్ధతులు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ప్రెసిషన్ అప్రోచ్. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఐ.ఎల్.ఎస్. ఇందులో లోకలైజర్ అనే రేడియో సంకేతం ఎడమ కుడుల తేడాను, గ్లైడ్ స్లోప్ అనే సంకేతం దిగవలసిన వాలును తెలుపుతాయి. ఆ వాలు సాధారణంగా 3 డిగ్రీలు. రెండవది నాన్‌ప్రెసిషన్ అప్రోచ్. ఇందులో నేల నుండి దిశ మాత్రమే తెలుస్తుంది. ఎత్తును పైలటే పటం చూసుకొని, మెట్టు వెంట మెట్టుగా తగ్గించుకోవాలి.

పైలట్ సామర్థ్యాన్ని ఆకాశంలో పరిశీలించే పరీక్షను చెక్‌రైడ్ అంటారు. అమెరికా విమానయాన శాఖ ప్రమాణాల ప్రకారం, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కోరే అభ్యర్థి రెండు నాన్‌ప్రెసిషన్ అప్రోచ్‌లను, ఒక ప్రెసిషన్ అప్రోచ్‌ను చేసి చూపాలి. నాన్‌ప్రెసిషన్ వాటిలో ఒకదానిని కొన్ని పరికరాలు చెడిపోయినట్లు భావించి, మిగిలిన వాటితోనే నడపాలి. సూచిక ముల్లు పూర్తి స్కేలులో నాలుగింట మూడు వంతులకు మించి జరగరాదు. వేగంలో తేడా 10 నాట్లు దాటరాదు. నిర్ణయించిన కనీస ఎత్తుకు పైన 100 అడుగుల వరకు ఉండవచ్చును గాని, దిగువకు ఒక్క అడుగైనా పోరాదు.

ప్రయాణికుల విమానాలకు కెప్టెన్ కావడానికి అవసరమైన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ పరీక్షలో ప్రమాణాలు మరింత కఠినం. అక్కడ ముల్లు నాలుగింట ఒక వంతుకు మించి జరగరాదు. వేగంలో తేడా 5 నాట్లలోపే ఉండాలి. ఒకటి కంటే ఎక్కువ ఇంజన్లున్న విమానంలో ఒక ఇంజను ఆగిపోయినట్లు భావించి, ప్రెసిషన్ అప్రోచ్‌ను స్వహస్తాలతో నడిపి చూపాలి.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మిస్డ్ అప్రోచ్, అనగా దిగకుండా తిరిగి పైకి లేవడం. సాధారణ ఐ.ఎల్.ఎస్.లో నేలకు సుమారు 200 అడుగుల ఎత్తున పైలట్ నిర్ణయం చేయాలి. రన్‌వే గాని, దాని దీపాలు గాని స్పష్టంగా కనిపించకపోతే తక్షణమే పైకి పోవాలి. "ఇంకొంచెం దిగితే కనిపిస్తుందేమో" అన్న ఆశకు అక్కడ తావు లేదు.

ఇంత కాఠిన్యమెందుకని అడిగేవారికి గువామ్ దుర్ఘటనయే సమాధానం. 1997 ఆగస్టు 6వ తేదీ రాత్రి, వర్షంలో, కొరియన్ ఎయిర్ 801వ నంబరు బోయింగ్ 747 విమానం ఆ దీవిపై దిగబోయింది. అక్కడి గ్లైడ్ స్లోప్ ఆ సమయంలో పనిచేయడంలేదు. కనుక అది నాన్‌ప్రెసిషన్ అప్రోచ్‌గా నడవవలసి ఉన్నది. విమానం ఉండవలసిన ఎత్తుకంటె క్రిందికి దిగి, రన్‌వే చేరకముందే నిమిట్జ్ కొండను తాకింది. అందులోని 254 మందిలో 228 మంది మరణించారు. కెప్టెన్ ఆ అప్రోచ్‌ను సరిగా వివరించి నడపలేదనీ, తక్కిన ఇద్దరు సిబ్బంది అతని చర్యలను సరిచూడలేదనీ, అలసట, శిక్షణలోని లోపం ఇందుకు తోడయ్యాయనీ అమెరికా రవాణా భద్రతా మండలి తేల్చింది.

పరీక్షలో రెండు రకాల అప్రోచ్‌లనూ కోరడంలోని అంతరార్థం ఇక్కడ బోధపడుతుంది. అలవాటైన సాధనం చెడిన రోజున కూడా మనిషి తడబడరాదు. పైగా ఒకసారి ఉత్తీర్ణుడైతే చాలదు. గత ఆరు మాసాలలో కనీసం ఆరు అప్రోచ్‌లు చేయని పైలట్ మబ్బులలోకి పోరాదని అక్కడి నియమం.

ఉర్దూలో ఇమ్తిహాన్ అనే మాటకు పరీక్ష అనీ, కష్టకాలమనీ రెండర్థాలు ఉన్నాయి. పైలట్ విషయంలో ఆ రెండూ ఒక్కటే. మార్కుల కొరకే చదివే మన విద్యార్థులు ఈ సంగతిని ఒకసారి ఆలోచింతురు గాక! నేర్చినది నిజంగా వచ్చునా రాదా అని అడిగే ఘడియ, ప్రతి వృత్తిలోను ఏదో ఒకనాడు తప్పక వస్తుంది.