గరళమే ఆహారం

ప్రకృతిలో ఏది అమృతం, ఏది విషం అన్న ప్రశ్నకు సర్వప్రాణులకూ వర్తించే సమాధానం లేదు. ఒక ప్రాణికి మృత్యుహేతువైన పత్రం మరొక ప్రాణికి జీవనాధారం కావచ్చు. మన పెరళ్లలోనూ రహదారుల నడుమనూ శోభిల్లే గన్నేరు ఇందుకు నిదర్శనం. దాని ఆకు, పువ్వు, బెరడు, వేరు అన్నీ విషపూరితాలే. అందలి ఓలియాండ్రిన్ అనే పదార్థం హృదయ స్పందనను అస్తవ్యస్తం చేస్తుంది. అయినా ఆ ఆకులనే మేసి పెరిగే కీటకం ఒకటి ఉంది. అదే గన్నేరు హాక్‌మాత్. హాక్ అనగా డేగ. డేగవలె వేగంగా ఎగిరే ఈ రెక్కల పురుగుకు లినేయస్ 1758లో శాస్త్రీయ నామకరణం చేశాడు. నేడు దీనిని డాఫ్నిస్ నీరియై అని వ్యవహరిస్తున్నారు.

తల్లి కీటకం ఆకులపై లేతాకుపచ్చని గుడ్లను విడివిడిగా పెడుతుంది. వాటి నుండి వెలువడిన గొంగళిపురుగు సుమారు 8 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. దాని తోకవైపు చిన్న కొమ్ము ఉంటుంది, అది కుట్టదు. తలకు సమీపంలో నీలి, తెలుపు వర్ణాల కంటిమచ్చలు రెండుంటాయి. శత్రువు సమీపించగానే పురుగు తలను ముడుచుకొంటుంది. అప్పుడా మచ్చలు ఉబ్బి, ఏదో పెద్ద జంతువు గుడ్లురిమి చూస్తున్నట్లు తోస్తుంది. ఆయుధం లేని అల్పజీవికి ఆ భ్రాంతియే కవచం. ఎదుగుదల పూర్తికాగానే ఆకుపచ్చని దేహం గోధుమవర్ణం దాల్చుతుంది. పురుగు చెట్టు దిగి, రాలిన ఆకుల నడుమ ప్యూపా దశలో ప్రవేశిస్తుంది.

ప్యూపా నుండి వెలువడిన కీటకం రెక్కలు చాచినప్పుడు 9 నుండి 11 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆకుపచ్చ, గులాబి, తెలుపు వర్ణాల చిత్రణ వలన పగటివేళ అది ఆకులలో కలిసిపోతుంది. సంధ్యవేళ పూల ముందు గాలిలోనే నిలిచి, పొడవైన గొట్టం వంటి నాలుకతో మకరందం గ్రోలుతుంది. ఆ క్రమంలో పువ్వు నుండి పువ్వుకు పుప్పొడిని చేరుస్తుంది. ఆఫ్రికా, దక్షిణాసియాలు దీని నివాసాలు. వేసవిలో ఆఫ్రికా నుండి మధ్యధరా సముద్రం దాటి ఐరోపాకు సైతం వలస పోతుంది.

నందివర్ధనం, బిళ్లగన్నేరు మొక్కలపై కూడ ఈ పురుగు కనిపిస్తుంది. కొమ్మునూ కంటిమచ్చలనూ చూచి భయపడి, వెంటనే మందు చల్లేవారున్నారు. మేసిన కొమ్మ తిరిగి చిగురిస్తుంది. చంపిన పురుగు మాత్రం రెక్కలు తొడిగి పూలను చేరలేదు. ఆకారాన్ని బట్టి తీర్పు చెప్పక, జీవిత క్రమాన్ని తెలుసుకొని మసలుకోవడమే వివేకం.

కఠిన పదాలకు అర్థాలు
గరళం = విషం
భ్రాంతి = లేనిది ఉన్నట్లు తోచడం
మకరందం = పూదేనె

ప్రశ్నలు
1. గన్నేరు హాక్‌మాత్ జీవిత దశలను వివరించండి.
2. 'ఆ భ్రాంతియే కవచం' – ఈ వాక్యాన్ని సమర్థించండి.