ఒకే మొక్క - రెండు వాసనలు

అక్కలారా! కొత్తిమీర, ధనియాలు ఒకే మొక్కవి. ఇది మనందరికీ తెలిసిన సంగతే. మరి కొత్తిమీర వాసన ధనియాలకు ఎందుకు రాదు?

వాసన ఎక్కడ ఉంది?

ఆకును నలిపితే వాసన వస్తుంది. గింజను దంచినా వస్తుంది. వాటి లోపల కంటికి కనపడని సన్నని గొట్టాలు ఉంటాయి. వాటిలో నూనె ఉంటుంది. నలిపితే గొట్టాలు పగులుతాయి. నూనె ఆవిరై గాలిలో కలుస్తుంది. మన ముక్కుకు తగులుతుంది. దీన్నే సుగంధ తైలం అంటారు. వంటనూనె బట్ట మీద పడితే మరక మిగులుతుంది. సుగంధ తైలం గాలికి ఎగిరిపోతుంది.

ఇది చాలా కొంచెమే ఉంటుంది. 100 కిలోల ధనియాల నుంచి మామూలుగా కిలో తైలం కూడా రాదు.

ఆకుది వేరు, గింజది వేరు

తైలంలో చాలా పదార్థాలు కలిసి ఉంటాయి. కొత్తిమీర ఆకులో ఆల్డిహైడ్లు అనేవి ఎక్కువ. ఆకు ఘాటు వాటిదే. పచ్చి కాయలో కూడా అవి ఉంటాయి. అందుకే పచ్చి కాయను చిదిపితే ఆకు వాసనే వస్తుంది. కాయ పండి ఎండేకొద్దీ అవి తగ్గుతాయి. లినలూల్ అనే పదార్థం పెరుగుతుంది. ధనియాల తైలంలో సగానికి పైగా లినలూలే. సబ్బుల్లో, అత్తరుల్లో వాడే లావెండర్ పూల తైలంలో కూడా ఇది ఉంటుంది.

శ్రీలంకలో, కేరళలో పెరిగే దాల్చిన చెట్టు కూడా ఇంతే. దాని బెరడుకు దాల్చినచెక్క వాసన. ఆకుకు లవంగం వాసన. వేరు బెరడులో కర్పూరం ఉంటుంది. చెట్టు ఒకటే, వాసనలు మూడు!

మనకేం లాభం?

ధనియాలు గింజలుగానే కొందాం. పొడి చేశాక వాసన రోజురోజుకూ పోతుంది. పాత పొడి కొంటే కష్టపడి తెచ్చిన డబ్బు దండగ. గింజల్ని దోరగా వేయించాలి, మాడ్చకూడదు. కావలసినంతే దంచుకోవాలి. కొత్తిమీర కూర దించే ముందు వేసి, మూత పెట్టాలి.

జాగ్రత్త!

సీసాల్లో అమ్మే సుగంధ తైలాలు చాలా గాఢంగా ఉంటాయి. ఒంటికి నేరుగా రాయకండి. దాల్చినచెక్క తైలం చర్మాన్ని మండిస్తుంది. పిల్లలకు తాగించకండి. కర్పూరం బిళ్లలు కూడా వాళ్లకు అందకుండా పెట్టండి. మింగితే మూర్ఛ రావచ్చు, ప్రాణానికే ముప్పు. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చేసి చూడండి

చెంచాడు ధనియాలు దంచండి. సగం మూత ఉన్న డబ్బాలో, సగం తెరిచిన గిన్నెలో పెట్టండి. వారం తర్వాత రెండూ వాసన చూడండి. తేడా పలక మీద రాయండి.

ప్రశ్నలు

1. పచ్చి కాయకు ఆకు వాసన ఎందుకు వస్తుంది?
2. దాల్చిన చెట్టులో ఏ భాగానికి లవంగం వాసన?
3. మీ ఇంట్లో కర్పూరం ఎక్కడ పెట్టారు? పిల్లలకు అందుతుందా?