కుట్టుపూల నమూనాల ఎంపిక

ఇంటివద్ద ఎంబ్రాయిడరీ యంత్రము నడుపుచున్న తల్లులు, సిద్ధముగా దొరకు నమూనాలను కొనునప్పుడు బొమ్మ సొగసును మాత్రమే చూడరాదు. ముందు కుట్ల సంఖ్యను చూడవలెను. 12,000 కుట్ల పువ్వును, నిమిషమునకు 600 కుట్లు వేయు యంత్రము 20 నిమిషములలో ముగించును. ఒంటిసూది యంత్రమైనచో రంగు మారినప్పుడెల్ల ఆపి దారము మార్చవలెను. కనుక ఎనిమిది రంగుల నెమలికంటె రెండు రంగుల మామిడిపిందెయే కూలి గిట్టించును.

పలుచని వాయిలుపై దట్టమైన నమూనా వేసినచో గుడ్డ ముడుతలు పడును. అదే రకపు ముక్కపై ముందుగా కుట్టి చూచుట మేలు.

అన్నిటికన్న ముఖ్యము హక్కు. కొన్ని నమూనాలను సొంత వాడుకకే యిత్తురు. వానిని కుట్టి అమ్మరాదు. ఆ షరతులు తరచుగా ఆంగ్లమున నుండును. వానిని పిల్లలచేత చదివించి అర్థము చెప్పించుకొనుడు. (హైస్కూలు చదువు ఇంతమాత్రమైన అక్కరకు రావలదా!) పిల్లలు మెచ్చు సినిమా బొమ్మలకును హక్కుదారులు కలరు.

ధార్వాడ ప్రాంతపు కసూతిలోని గోపురము, రథము, తులసికోట వంటి పాతరూపములు చూచి సొంతముగా గీయించుకొనవచ్చును. అయితే కసూతి పోగులు లెక్కించి చేతితో కుట్టు పని. ఆ పేరునకు భౌగోళిక గుర్తింపు కలదు. యంత్రపు కుట్టును ఆ పేరుతో అమ్మరాదు.