చిన్నబిడ్డల ప్రతిభయు కళాసృష్టియు: పంచాయతీ సభ్యులు గమనింపదగిన విషయములు

పంచాయతీ సమావేశమున పాఠశాల సంగతి చర్చకు వచ్చినపుడు సభ్యులు అడుగు ప్రశ్నలు అందరికిని తెలిసినవే. కప్పు కురియుచున్నదా, త్రాగునీరు అందుచున్నదా, ఉపాధ్యాయులు వేళకు వచ్చుచున్నారా, పదవ తరగతిలో ఎందరు కృతార్థులైరి. ఇవి అడుగవలసిన ప్రశ్నలే. అయితే అంగన్‌వాడిలోని నాలుగేండ్ల బిడ్డ బొగ్గుముక్కతో గోడమీద ఏమి గీచినదో అడుగు సభ్యుడు అరుదు. కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె వంటి మెట్టగ్రామములలో ఆ ప్రశ్నయు ఏల అడుగవలెనో ఇచట వివరింప దలచితిమి.

మన పల్లెలలో తెలివిగల బిడ్డ యనగా ఎక్కములు తడబడక అప్పగించువాడు, వేమన పద్యములు గడగడ చదువునది. బొమ్మలు గీచువానిని, మట్టితో బండ్లు చేసికొని ఒంటరిగా ఆడుకొనువానిని చూచి "వీనికి చదువు అబ్బదు" అనుట వాడుక. ఈ రెండు అభిప్రాయములును సగము మాత్రమే సరియైనవి. జ్ఞాపకశక్తి, గ్రహణశక్తి ఒక గుణము. క్రొత్తదానిని ఊహించి కల్పించుట మరియొక గుణము. ఒకే బిడ్డలో రెండును ఉండవచ్చును. ఒకటి యుండి రెండవది అంతగా లేకపోవచ్చును.

మన యాడువారికి సుపరిచితమైన ముగ్గునే ఉదాహరణగా తీసికొందము. సంక్రాంతి నెలలో ఒక బాలిక తల్లి పెట్టిన ఇరువదియొక్క చుక్కల ముగ్గును చూచి, మరునాడు ఒక్క గీత తప్పకుండ తిరిగి వేయును. అది ప్రతిభయే. మరియొక బాలిక చుక్కలు చాలక మధ్యలో ఆగి, నాలుగు చుక్కలు చెరిపి, హంస రావలసినచోట చిలుకను రప్పించును. ఇది సృష్టి. మొదటి బాలికను అందరును మెచ్చుకొందురు. రెండవ బాలికను "ముగ్గు చెడగొట్టితివి" అని మందలింతురు. ఆ మందలింపు రెండు మూడు మారులు జరిగినచో ఆ బిడ్డ చిలుకను మరల వేయదు.

ఈ విషయమున శాస్త్రజ్ఞులు చేసిన పరిశీలనలను కొన్నింటిని పేర్కొందుము. 1921లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున టెర్మన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బుద్ధిపరీక్షల ద్వారా దాదాపు 1,500 మంది బాలబాలికలను ఎన్నుకొనుటకు ఆరంభించి, వారి జీవితములను దశాబ్దముల తరబడి గమనించెను. వారిలో అనేకులు మంచి ఉద్యోగములలో కుదురుకొనిరి. కాని ఆ పరీక్షలో తగిన మార్కులు రాలేదని విడిచిపెట్టబడిన ఇద్దరు బాలురు, షాక్లీ, అల్వరెజ్ అనువారు, పెరిగి పెద్దవారై 1956లోను, 1968లోను భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానములు పొందిరి. ఎన్నుకొనబడిన వారిలో ఒక్కరికైనను ఆ బహుమానము రాలేదు. పరీక్ష పనికిరానిదని దీని భావము కాదు. పరీక్ష ఒక గుణమును మాత్రమే కొలిచినదని భావము.

బొమ్మల సంగతియు ఇట్టిదే. నాలుగేండ్ల వయస్సున మనిషి బొమ్మ గీచిన కవలపిల్లల జంటలను, 7,700కు పైబడినవానిని, ఇంగ్లండులో పరిశీలించి, పదునాలుగేండ్ల వయస్సున వారి తెలివిని మరల కొలిచి 2014లో ఫలితములు ప్రకటించిరి. బొమ్మకును తెలివికిని సంబంధము కలదు గాని అది స్వల్పము. కావున బొమ్మలో చేతులు మరచిన బిడ్డను మందబుద్ధి యనుట ఎంత తప్పో, చక్కగా గీచిన బిడ్డను మహామేధావి యని ఊరేగించుటయు అంత తప్పే. 1978లో రెంజుల్లి అను విద్యావేత్త ప్రతిభకు మూడు అంగములు చెప్పెను: సగటుకు మించిన శక్తి, సృజన, పట్టిన పనిని విడువని పట్టుదల. మూడవదానిని మన రైతు సోదరులకు వేరుగా వివరింప నక్కరలేదు.

దూరదేశముల మాట అటుండనిచ్చి, రాయలసీమలోని ఒక నిదర్శనమును చూతము. పుట్టపర్తి నారాయణాచార్యులుగారు 1914లో అనంతపురము జిల్లా చియ్యేడులో జన్మించిరి. బాల్యము పెనుగొండలో గడచినది. శిథిలమైన ఆ కోటను చూచి, పదునైదేండ్లు నిండకమునుపే "పెనుగొండలక్ష్మి" అను కావ్యమును రచించిరి. తరువాత విద్వాన్ పరీక్షకు వారు చదువునాటికి ఆ కావ్యమే పాఠ్యగ్రంథముగా నుండెనట! ఆ బాలుని చుట్టును ఏమేమి యుండెనో గమనింపుడు. తండ్రి శ్రీనివాసాచార్యులు పండితుడు. ఊరిలో సంగీతము నేర్చుకొనుటకు వీలు కలిగెను. నాట్యమును అభ్యసించిరి. పిట్ దొరసాని అను ఆంగ్ల వనిత వద్ద ఆంగ్ల సాహిత్యము చదివిరి. పిమ్మట వారి "శివతాండవము"లో పలికిన లయకు బాల్యమున నేర్చిన ఆ నాట్యమే మూలమని మా తలంపు. పుట్టుకతో వచ్చిన శక్తి వారికి మెండు, సందేహము లేదు. అయినను ఆ శక్తికి చెవియొగ్గినవారు, చేతికి పని యిచ్చినవారు ఊరిలో ఉండిరి. 1972లో పద్మశ్రీ పొందిన ఆ మహాకవికి దొరికిన పండిత గృహము మన కూలిబిడ్డలకు దొరకదు. ఇంట లేనిదానిని ఊరు సమకూర్పవలెను.

సమకూర్చుటకు అధికారము లేదని ఎవరైన అన్నచో ఒప్పుకొనరాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో ప్రాథమిక విద్య, గ్రంథాలయములు, సాంస్కృతిక కార్యకలాపములు, స్త్రీశిశు సంక్షేమము కలవు. ఖర్చును పెద్దది కాదు. మన జిల్లాలో నాపబండలకు కొరత లేదు. రెండు నునుపైన నల్లబండలను అంగన్‌వాడి గోడకు, నేలనుండి మూరెడెత్తున, నిలువుగా అమర్చి సుద్దముక్కలు ఇచ్చినచో పదిమంది బిడ్డలు నిలుచుండి గీయవచ్చును. తడిగుడ్డతో తుడిచిన మరల క్రొత్తపలకయే. మంగంపేటలో దొరకు ముగ్గురాయి పొడి, ఎఱ్ఱమట్టి, పసుపు, బొగ్గు ఇవి రంగులు. చెరువు మట్టి బొమ్మలకు చాలును. చెక్కభజన, కోలాటము తెలిసిన పెద్దలను వారమున కొకనాడు పిలిచినచో బిడ్డల పాదములకు తాళము తెలియును.

అంగన్‌వాడి కార్యకర్తలకు సభ్యులు చెప్పదగినది మరియొకటి కలదు. రెండు మూడేండ్ల బిడ్డ గీతలు గజిబిజిగానే యుండును. నాలుగైదేండ్ల బిడ్డ తల పెద్దదిగా వేసి కాళ్లను దానికే తగిలించును. ఇది వయోధర్మము. దానిని దిద్ది, పెద్దల బొమ్మను చూచి వేయుమనుట తగదు. "ఇది ఏమి?" అని అడిగి, చెప్పినది వినుట మేలు. ఒకే వస్తువును పలు విధముల గీచు బిడ్డ, వదలమన్నను వదలక గంటసేపు అదే పనిలో నుండు బిడ్డ, ఇతరులకు తోచని ప్రశ్న వేయు బిడ్డ కనబడినచో పేరు వ్రాసియుంచవలెను. అట్టి బిడ్డ అల్లరివాడుగా కూడ ఉండవచ్చును.

ఈ శ్రద్ధ ఆలస్యమైనచో ఏమగునో కర్నూలు జిల్లా పడమటి పల్లెలు చూపుచున్నవి. కోసిగి, ఆదోని ప్రాంతములనుండి పంట దక్కని ఏడు కుటుంబములు మిరపకాయల కోతకు గుంటూరు వైపు తరలిపోవును. బడి యీడు పిల్లలకు సీజనల్ హాస్టళ్లు తెరచినను, మూడు నాలుగేండ్లవారు తల్లి చంకనే పోవుదురు. ఆ నెలలలో వారిని గమనించువారుండరు. వలసపోవువారి బిడ్డల పేర్లను పంచాయతీ వ్రాసియుంచి, పోవుచోటి అంగన్‌వాడిలో చేర్చుకొనునట్లు ముందుగా తెలియజేయవలెను.

ఇక బహుమానముల సంగతి. ఆగస్టు పదునైదున చిత్రలేఖనపు పోటీ పెట్టుటకు సభ్యులు ఉత్సాహపడుదురు. పెద్దపిల్లలకు అది మంచిదే. చిన్నవారి విషయమున 1973లో ప్రకటింపబడిన ఒక పరిశోధనను గుర్తుంచుకొనవలెను. అమెరికాలో ఒక శిశువిహారమున, బొమ్మలు గీయుటయందు ఆసక్తి గల బిడ్డలలో కొందరికి గీచినచో ప్రశంసాపత్రము నిత్తుమని ముందే చెప్పి ఇచ్చిరి. కొన్ని దినముల పిమ్మట తీరిక వేళ చూడగా ఆ బిడ్డలు ఇతరులతో పోల్చిన దాదాపు సగము సేపే గీచిరి. ముందు చెప్పక, గీచిన తరువాత ఇచ్చినవారి ఆసక్తి తగ్గలేదు. కనుక ఆరేండ్లలోపు వారికి పోటీ మాని, ఆ సొమ్ముతో పంచాయతీ కార్యాలయపు వసారాలో త్రాళ్లు కట్టించి అందరి బొమ్మలను వ్రేలాడదీయుట మేలు. ప్రతి కాగితము క్రింద బిడ్డ పేరు, వయస్సు, ఆ బొమ్మను గూర్చి బిడ్డ స్వయముగా చెప్పిన మాట వ్రాయింపవలెను. ఏటికి రెండుమారులు అట్లు చేసి కాగితములను కట్టగా భద్రపరచినచో, ఒకటవ తరగతిలో చేరునాడు ఉపాధ్యాయుని చేతికి ఇచ్చుటకు అవి పనికివచ్చును.