చేతికి డబ్బు, ఒంటికి సత్తువ



డొంకరాయి జలాశయాన్ని మనం రోజూ చూస్తూనే ఉంటాం. సీలేరు నీటిని అక్కడ ఆపి, లెక్క ప్రకారం వదులుతారు. ఆ నీటితో అక్కడే 25 మెగావాట్ల విద్యుత్ కేంద్రం నడుస్తుంది. తరువాత అదే నీరు కాలువ గుండా వెళ్లి మోతుగూడెం దగ్గర ఇంకా పెద్ద కేంద్రాన్ని నడుపుతుంది. వచ్చే నీటికన్నా పోయే నీరు ఎక్కువైతే ఎంత పెద్ద జలాశయమైనా అడుగంటుతుంది. ఇంటి తల్లి సత్తువ కూడా అంతే.

మంచి ఆదాయమే, కాని...

మన కొండల్లో స్త్రీలు పొలం పని, ఇంటి పనితో పాటు అడ్డాకు విస్తళ్లు కుడతారు, చింతపండు గింజ తీస్తారు, కొండచీపుర్లు కడతారు, సంతలో అమ్ముతారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అటవీ ఫలసాయాన్ని కొంటుంది. 2018లో మొదలైన వన్ ధన్ పథకం సరుకును శుభ్రం చేసి, విలువ పెంచి అమ్ముకోవడం నేర్పింది. గింజ తీసిన చింతపండుకు ధర ఎక్కువ. ఇది మంచిదే. అయితే ఆ గింజ తీసే గంటలు ఎక్కడినుండి వస్తున్నాయి? ఎక్కువ ఇళ్లలో అవి తల్లి నిద్రలోనుండీ, బిడ్డ పాలలోనుండీ వస్తున్నాయి.

ఇలాంటి కుటుంబాలు మాకు తరచు కనబడతాయి. ఐదు నెలల బిడ్డను అవ్వ దగ్గర వదిలి తల్లి తెల్లవారుజామునే సంతకు వెళ్తుంది. బిడ్డ ఏడుస్తే అవ్వ అంబలి నీళ్లు పడుతుంది. రెండో రోజుకు విరేచనాలు. సంతలో వచ్చిన డబ్బు దారి ఖర్చులకూ మందులకూ పోతుంది. తప్పు అవ్వది కాదు, తల్లిది కాదు. ముందుగా ఏర్పాటు లేకపోవడమే తప్పు.

ఏమి చేయాలి?

1. రెండు లెక్కలు రాయండి. సంఘం పుస్తకంలో డబ్బు లెక్క ఉంటుంది. పక్కనే గంటల లెక్క కూడా రాయండి. కొత్త పనికి రోజుకు రెండు గంటలు పడితే, ఇంటి పనిలో రెండు గంటలు ఎవరు తీసుకుంటారో ముందే చెప్పుకోండి. నీళ్లు తేవడం, కట్టెలు కొట్టడం, సంతకు కావిడి మోయడం భర్త చేయవచ్చు. అందులో చిన్నతనం లేదు.

2. బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దు. వీలైతే బిడ్డను వెంట తీసుకువెళ్లండి. లేకపోతే చేతులు సబ్బుతో కడుక్కొని, మరిగించిన మూతగిన్నెలోకి పాలు పిండి చల్లని నీడలో ఉంచండి. 4 గంటలలోపు ఉగ్గుగిన్నెతో పట్టాలి. ఎండాకాలంలో ఇంకా ముందే పట్టాలి. మిగిలినవి పారబోయండి. సీసా వద్దు.

3. పెద్దపిల్లను బడి మాన్పించి చంటిబిడ్డను అప్పగించవద్దు. ఈ రోజు మిగిలే కూలి కన్నా ఆ పిల్ల చదువు విలువ ఎక్కువ. సంఘంలో నలుగురు తల్లులు వంతులవారీగా పిల్లలను చూసుకోవచ్చు.

4. గర్భిణి బరువు గంపలు ఎత్తకూడదు. నాలుగో నెలనుండి ఐరన్ మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవాలి. టీతో కలిపి వేసుకోవద్దు. ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే రక్తం తక్కువైందేమో పరీక్ష చేయించుకోండి.

5. జ్వరానికి సంత అడ్డు కాకూడదు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా 24 గంటలలోపు మలేరియా పరీక్ష చేయించండి. ఆశా కార్యకర్తను అడగండి. "సంత అయ్యాక చూద్దాం" అన్న మాట ప్రాణం మీదకు తెస్తుంది.

వ్యాపారం మానమని మేము చెప్పడం లేదు. తల్లి చేతిలో నాలుగు రూపాయలు ఉంటే పిల్లల పళ్లెంలో పప్పు, గుడ్డు పడతాయి. అందుకే ఆ చేతిని కాపాడుకోవాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు. ఇంటికి దీపం ఇల్లాలే అయితే, ఆ దీపంలో నూనె పోసే పని ఇంటిల్లిపాదిదీ.

సంఘం కూటమిలో మాట్లాడుకోండి

నిన్న మీ ఇంట్లో అందరికన్నా ముందు లేచింది ఎవరు? ఆఖరున పడుకున్నది ఎవరు? ఆఖరున తిన్నది ఎవరు? మూడింటికీ జవాబు ఒకరే అయితే, వచ్చే సంతలోగా ఆమె పనుల్లో ఏ ఒక్కటి మీరు తీసుకుంటారు?