ఆడవారికి మగవారి గుండె సరిపడుతుందా?

ప్రశ్న: మా అక్కకు 38 ఏళ్లు. మూడో కాన్పు తర్వాత గుండె బాగా బలహీనపడింది. గుండె మార్పిడే దారి అంటున్నారు. మగవారి గుండె పెట్టొచ్చా? - ఓ సోదరి, పరిగి

జవాబు: పెట్టొచ్చమ్మా. 1967లో కేప్‌టౌన్‌లో డాక్టర్ బర్నార్డ్ చేసిన తొలి మార్పిడిలోనే ఓ యువతి గుండెను మగమనిషికి అమర్చారు. చూడాల్సింది రక్తం గ్రూపు, గుండె పరిమాణం. ఆ లెక్కన చిక్కు మగవారికే ఎక్కువ: భారీ మనిషికి ఆడవారి చిన్న గుండె చాలకపోవచ్చు.

మీ అక్క విషయంలో నేను ఆలోచించేది కాన్పుల గురించి. కడుపులోని బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన లక్షణాలను పరాయివిగా ఎంచి తల్లి ఒంట్లో యాంటీబాడీలు పుట్టవచ్చు. గర్భస్రావమైనా, రక్తం ఎక్కించుకున్నా అంతే. అవి కొత్త గుండె మీద దాడి చేస్తాయి. అందుకే ముందుగా పీఆర్ఏ అనే రక్తపరీక్ష చేస్తారు. అవి ఎక్కువుంటే సరిపడే దాత దొరకడం ఆలస్యమవుతుంది, దారి మూసుకుపోదు. పాత కాన్పుల కాగితాలన్నీ డాక్టరుకు చూపించండి.

మార్పిడి తర్వాత ఆయుష్షులో ఆడామగా తేడా పెద్దగా లేదు. అయినా చేయించుకునేవారిలో మగవారే ఎక్కువ. ఆయాసాన్ని నీరసమని సరిపెట్టుకునే మన ఇళ్ల అలవాటుకూ ఇందులో వాటా ఉందని నా అనుమానం.

ఆంధ్రలో, తెలంగాణలో అయితే ఆసుపత్రి ద్వారా జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాలి. తీసిన గుండెను సుమారు 4 గంటల్లో అమర్చాలి కాబట్టి, పిలిస్తే వెంటనే చేరేంత దగ్గరలో ఉండాలి. మీది ఆంధ్రలోని పరిగి అయితే హైదరాబాద్ కన్నా బెంగళూరే దగ్గర, అక్కడా విచారించండి. ఈలోగా మళ్లీ గర్భం రాకుండా జాగ్రత్తపడమని అక్కకు గట్టిగా చెప్పండి.