అమ్మ ఫోను మార్చే ముందు

చెల్లీ, ఊళ్లో మీ అమ్మగారింట్లో ల్యాండ్‌లైన్ తీయించేసి నెట్టు ఫోను పెట్టించాలనుకుంటున్నావు కదూ? మార్చొద్దని నేననను. రాగి తీగల కాలం అయిపోవచ్చింది. వాన పడితే జాయింట్లలో నీళ్లు దిగి లైనంతా గుర్రుమని మోత. రోడ్డు తవ్విన ప్రతిసారీ ఫోను డెడ్డు, ఆ తర్వాత లైన్‌మన్ కోసం ఎదురుచూపులు. డెబ్బై ఏళ్ల మనిషిని ఇంకా ఆ అవస్థలో ఉంచడం నాకూ ఇష్టం లేదు. ఫైబరు మీద మాట ఎంత స్పష్టంగా వస్తుందో, చెవులు కాస్త మందగించినవాళ్లకు అది ఎంత సుఖమో మా అత్తయ్యను చూసి తెలుసుకున్నాను. అయితే మార్చేముందు ఒక్క విషయం నీ మనసులో గట్టిగా నాటుకోవాలి. అది కరెంటు.

పాత ఫోనుకు మనింటి కరెంటుతో పనిలేదమ్మా. ఎక్స్ఛేంజిలో పెద్ద పెద్ద బ్యాటరీలుంటాయి, వాటికి తోడు జనరేటరుంటుంది. అక్కణ్ణుంచి 48 వోల్టుల కరెంటు ఆ తీగమీదే మనింటిదాకా వస్తుంది. అందుకే వీధి వీధంతా చీకటైనా రిసీవరెత్తితే డయల్‌టోన్ వినిపించేది. ఫైబరంటే గాజుపోగు. అందులో వెలుగు వస్తుంది, కరెంటు రాదు. ఆ వెలుగును మాటగా మార్చడానికి గోడకు బిగించే చిన్న పెట్టె మనింటి ప్లగ్గు మీదే ఆధారపడాలి. కరెంటు పోయిందా, పెట్టె ఆగింది, ఫోనూ ఆగింది.

హుద్‌హుద్ తుఫాను తెలుసుగా, 2014 అక్టోబరు 12న విశాఖను ఊడ్చేసింది. ఎన్నో పేటల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అంత గాలికి ఏ తీగైనా తెగుతుంది, మనం చేయగలిగేది కొంచెమే. కానీ వేసవి రాత్రి రెండు గంటలు కరెంటు పోయినప్పుడు మీ అమ్మ ఒంటరిగా ఉంటుందే, ఒంట్లో నలతగా ఉంటే 108కో, పక్కింటి పిన్నిగారికో ఫోను చేయాలే, దానికి మాత్రం మనం చేయగలిగింది ఉంది. అది చేయకుండా లైను మార్చడం నాకు సమ్మతం కాదు.

ఇంట్లో ఇన్వర్టరుంటే పెట్టెను ఆ లైనున్న ప్లగ్గుకే పెట్టించు. పెట్టేవాళ్లు టీవీ దగ్గరున్న సాకెట్టు చూసి తగిలించి వెళ్లిపోతారు, నువ్వే చెప్పాలి. ఇన్వర్టరు లేకపోతే రూటర్ల కోసమే అమ్మే చిన్న యూపీఎస్ కొను. పెట్టె అడాప్టరు మీద ఎన్ని వోల్టులు, ఎన్ని యాంపులు అని రాసుంటుందో చూసి దానికి సరిపోయేదే తీసుకోవాలి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది, దాన్ని ఎవరూ అడగరు. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకే నెట్టు, టీవీ, ఫోను కలిపి ఇచ్చారు. దాన్ని ఇంటింటికీ తెచ్చింది మన కేబుల్ ఆపరేటర్లే. అలాంటి కనెక్షనైతే మనింట్లో బ్యాటరీ ఉన్నంత మాత్రాన చాలదు, ఆపరేటరు గదిలో ఉన్న మిషను కూడా ఆగకుండా నడవాలి. “బాబూ, మీ దగ్గర కరెంటు పోతే ఎన్ని గంటలు నడుస్తుంది?” అని మొహమాటపడకుండా అడుగు.

నంబరు సంగతి కూడా ముందే తేల్చుకో. బీఎస్‌ఎన్‌ఎల్ లైనే ఉండి, అదే సంస్థ ఫైబరుకు మారితే మామూలుగా పాత నంబరే ఉంచుతారు. దరఖాస్తు ఇచ్చేటప్పుడే ఆ మాట రాయించు. వేరే కంపెనీకి వెళితే మాత్రం నంబరు పోతుంది. సెల్లుకున్నట్టు పోర్టింగు ల్యాండ్‌లైనుకు లేదు. ముప్ఫై ఏళ్లుగా చుట్టాలందరి డైరీల్లో ఉన్న నంబరది. అమెరికాలో ఉన్న మనవడికి కంఠతా వచ్చిన నంబరూ అదే. దాన్ని పోగొట్టుకుంటే మీ అమ్మకు ఎంత వెలితో డబ్బుల్లో లెక్కకట్టలేం. నాకు తెలిసి నెలకు యాభైయో వందో ఎక్కువైనా సరే నంబరు నిలబెట్టుకోవడమే మేలు. తప్పనిసరై పాత లైను మూసేస్తే అప్పట్లో కట్టిన డిపాజిట్ అడిగి తీసుకో.

ఫోను పరికరం కొత్తది అక్కర్లేదు. బటన్లున్న పాతదాన్నే పెట్టె వెనక ‘టెల్’ అని ఉన్న చోట గుచ్చితే మోగుతుంది. చక్రం తిప్పే ఫోనైతే చాలా పెట్టెలకు అర్థం కాదు. పెట్టె హాల్లో, ఫోను అమ్మ మంచం పక్కన ఉండాలంటే ఇంట్లో ఉన్న పాత వైరింగునే వాడుకోవచ్చు. ముందు బయటి లైను పూర్తిగా విడదీయించి, ఆ తర్వాతే కలపమను. సెల్లుకు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టడం, 2021 జనవరి 15 నుంచి ఉన్న ఆ పద్ధతి, ఇక్కడా అంతే. ఆవిడ కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

అంతా బిగించి వెళ్లాక, నువ్వు అక్కడున్న రోజే, మెయిన్ ఆపేయ్. చీకట్లో అమ్మ చేతే రిసీవరెత్తించి, నీ సెల్లుకు కొట్టించు. మోగితే ఎంతసేపు నిలబడుతుందో కూడా చూడు. ఆ సంగతి అమ్మకూ, పక్కింటి పిన్నిగారికీ చెప్పి అప్పుడు బస్సెక్కు.